జావా డెస్క్‌టాప్ అప్లికేషన్‌ను వెబ్ ద్వారా అందించడానికి ఏది మేలు?

జావాలో విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీలైన స్వింగ్‌తోనో జావాఎఫ్‌ఎక్స్‌తోనో రాసిన డెస్క్‌టాప్ అప్లికేషన్‌ను వెబ్ ద్వారా చేర్చాలనుకున్నప్పుడు, ప్రతి పద్ధతినీ రెండు ప్రశ్నలతో పరీక్షించాలని నా అభిప్రాయం. అది నడవడానికి కావలసిన జావాను ఎవరు సమకూర్చాలి? మనం విడుదల చేసిన కొత్త వెర్షన్ వాడుకరి కంప్యూటర్‌లోకి ఎలా చేరుతుంది? డౌన్‌లోడ్ సైజు, ఇన్‌స్టాలర్ రూపం వంటివన్నీ వీటి తరవాతే.

బ్రౌజర్ లోపల నడిచే చిన్న జావా ప్రోగ్రాములైన యాప్లెట్లను ఇప్పుడు పోటీలో నిలపనక్కరలేదు. జావా ప్లగిన్‌కు ఆధారమైన ఎన్‌పీఏపీఐ అనే ఏర్పాటును క్రోమ్ 2015లో తొలగించింది, 2017లో ఫైర్‌ఫాక్స్ కూడా ఆ ప్లగిన్‌ను నడపడం మానేసింది. పాత యాప్లెట్ చేతిలో ఉన్నవారు ముందు దాన్ని విడి విండోలో నడిచే అప్లికేషన్‌గా మార్చుకోవాలి.

2001లో వచ్చిన జావా వెబ్ స్టార్ట్ మాత్రం రెండో ప్రశ్నకు ఎంతో చక్కని జవాబు చెప్పింది. ఏయే జార్ ఫైళ్లు (జావా కోడ్ ఉండే ప్యాకేజీలు) కావాలో, ఏ జావా వెర్షన్ ఉండాలో, ఏ అనుమతులు అవసరమో తెలిపే జేఎన్‌ఎల్‌పీ అనే చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు సర్వర్‌లో ఉంటుంది. వాడుకరి లింకు నొక్కగానే జార్ ఫైళ్లు దిగి క్యాష్‌లో (కంప్యూటర్‌లోని తాత్కాలిక నిల్వలో) నిలుస్తాయి, ఆ తరవాత తెరిచినప్పుడు మారినవి మాత్రమే మళ్లీ వస్తాయి. సర్వర్‌లో ఒక్క జార్ మారిస్తే అందరికీ కొత్త వెర్షన్ అందే ఈ సౌలభ్యాన్ని దాని తరవాత వచ్చిన పద్ధతులేవీ అంత తేలికగా ఇవ్వలేదు. చిక్కంతా మొదటి ప్రశ్న దగ్గరే వచ్చింది. వాడుకరి కంప్యూటర్‌లో ఉన్న జావా మీదే అంతా ఆధారపడడం వల్ల ఆ జావా మారినప్పుడల్లా అప్లికేషన్‌కు ముప్పు ఉండేది. 2014 జనవరిలో వచ్చిన జావా 7 అప్‌డేట్ 51, సొంతంగా తయారుచేసుకున్న సర్టిఫికెట్‌తో డిజిటల్ సంతకం చేసిన అప్లికేషన్లను డిఫాల్ట్‌గా అడ్డుకోవడంతో, కోడ్‌లో ఏ తప్పూ లేని ప్రోగ్రాములు కూడా తెరుచుకోలేదు. చివరకు 2018 సెప్టెంబరులో జావా 11తో వెబ్ స్టార్ట్‌నే తీసివేశారు.

ఆ ఖాళీని ఓపెన్‌వెబ్‌స్టార్ట్ చాలావరకు పూరిస్తోంది. వెబ్ స్టార్ట్‌కు ఓపెన్ సోర్స్ ప్రత్యామ్నాయమైన ఐస్‌డ్‌టీ-వెబ్ ఆధారంగా తయారైన ఈ ఓపెన్ సోర్స్ సాధనం పాత జేఎన్‌ఎల్‌పీ ఫైళ్లను చదవడమే కాక, కావలసిన జావా వెర్షన్‌ను తానే దించుకోగలదు. అయితే ముందుగా దీన్ని ప్రతి కంప్యూటర్‌లోనూ ఇన్‌స్టాల్ చేయాలి కాబట్టి, అడ్మిన్ చేతిలో కంప్యూటర్లన్నీ ఉన్న సంస్థకు ఇది సరిపోతుంది; ఎక్కడెక్కడో ఉన్న, మనకు తెలియని వాడుకరులకు సరిపోదు. పైగా జావా 24లో, ప్రోగ్రాము ఏమేం చేయవచ్చో అదుపు చేసే సెక్యూరిటీ మేనేజర్‌ను శాశ్వతంగా పనిచేయకుండా చేశారు కనుక, ప్రోగ్రామును గిరిగీసి ఉంచే పాత శాండ్‌బాక్స్ రక్షణ మీద ఆశ పెట్టుకోరాదు.

2021లో జావా 16తో స్థిరపడిన, ఇన్‌స్టాలర్లు కట్టే సాధనమైన జేప్యాకేజ్ దారి వేరు. జేలింక్ అనే సాధనంతో జావాలోని అవసరమైన మాడ్యూళ్లను (భాగాలను) మాత్రమే ఏరి చిన్న రన్‌టైమ్ (ప్రోగ్రామును నడిపే జావా) తయారుచేసి, అప్లికేషన్‌తో కలిపి ఎంఎస్‌ఐ, డీఎంజీ, డెబ్ వంటి ఇన్‌స్టాలర్‌గా కట్టవచ్చు. వాడుకరి దగ్గర జావా ఉందా లేదా అన్న ప్రశ్నే ఉండదు. అయితే విండోస్ ఇన్‌స్టాలర్‌ను విండోస్‌లో, మాక్ ఇన్‌స్టాలర్‌ను మాక్‌లోనే కట్టాలి. హెచ్చరికలు లేకుండా తెరుచుకోవాలంటే కోడ్ సైనింగ్ (ప్రోగ్రాముకు డిజిటల్ సంతకం పెట్టడం), మాక్‌లో నోటరైజేషన్ (యాపిల్ దాన్ని పరిశీలించి ఆమోదించడం) కూడా తప్పవు. చాలామంది గమనించని బాధ్యత మరొకటి ఉంది: రన్‌టైమ్‌ను మనమే ఇచ్చాం కాబట్టి, మూడు నెలలకోసారి వచ్చే జావా భద్రతా సవరణలను కూడా మనమే కొత్త ఇన్‌స్టాలర్‌గా కట్టి పంపాలి. కానీ అప్లికేషన్ దానంతటదే అప్‌డేట్ అయ్యే ఏర్పాటు జేప్యాకేజ్‌లో లేదు.

వాడుకరి ఏదీ ఇన్‌స్టాల్ చేయకూడదంటే వెబ్‌స్వింగ్ ఉంది. అది అప్లికేషన్‌ను సర్వర్‌లో నడిపి, తెరను బ్రౌజర్‌లో చూపుతుంది; ఒక్కొక్కరికి ఒక్కో జేవీఎం (జావాను నడిపే ప్రోగ్రాము) కావాలి కనుక వాడుకరులు పెరిగిన కొద్దీ సర్వర్ మెమరీ కరిగిపోతుంది. డేటా సర్వర్ దాటి బయటికి పోకూడని చోట ఆ ఖర్చు సమంజసమే. వెబ్‌అసెంబ్లీతో (బ్రౌజర్‌లో వేగంగా నడిచే కోడ్ రూపంతో) జావాను బ్రౌజర్‌లోనే నడిపే చీర్ప్‌జేకు సర్వర్ భారం లేదు గాని, నేటివ్ లైబ్రరీల (ఆయా ఆపరేటింగ్ సిస్టమ్‌కే ప్రత్యేకంగా తయారైన కోడ్) మీద ఆధారపడిన అప్లికేషన్లను దానికి మార్చడం అంత తేలిక కాదు.

సంస్థ లోపల జేఎన్‌ఎల్‌పీతో నడుస్తున్న అప్లికేషన్‌ను హడావిడిగా మార్చకుండా ఓపెన్‌వెబ్‌స్టార్ట్‌తో కొనసాగించడం మేలు. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను జేప్యాకేజ్‌నే సూచిస్తాను, అయితే ఒక షరతుతో: సర్వర్‌లో కొత్త వెర్షన్ ఉందేమో చూసి, సంతకం సరిచూసుకుని దించుకునే కోడ్ మొదటి విడుదలలోనే ఉండాలి. అది లేకుండా బయటికి వెళ్లిన వెర్షన్‌ను మార్చాలంటే వాడుకరులే వచ్చి కొత్త ఇన్‌స్టాలర్‌ను దించుకునేదాకా ఎదురుచూడాలి.