భీమిలిలో రెండు రోజులు, అత్తయ్యగారి పప్పు పరీక్ష

మా మామయ్యగారు వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యారు, ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసెయ్యాలి. ఎక్కడికెళ్దాం మామయ్యా అంటే ఒకటే మాట, భీమిలి. ఎప్పుడో పిక్నిక్‌కి వెళ్లొచ్చి సముద్రం చూసి మనసు పారేసుకున్నారు మరి. అత్తయ్యకి అస్సలు ఇష్టం లేదు, "సముద్రం చూస్తే కడుపు నిండుద్దా" అని ఆవిడ. సరే అద్దెకి దిగే ముందు రెండు రోజులు ఉండి చూద్దామని శుక్రవారం పొద్దున్నే నలుగురం కార్లో బయల్దేరాం.

బీచ్ రోడ్లోనే వెళ్లాం. రుషికొండ దగ్గర ఆగలేదు, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచే, నీట్‌గానే ఉంటుంది గానీ వీకెండ్ అయితే పార్కింగ్‌కే గంట పోద్ది. మా చిన్నప్పటి హరిత రిసార్ట్ కూడా ఇప్పుడు లేదుగా. తొట్లకొండ మాత్రం వదలొద్దు. డెబ్బైల్లో నేవీవాళ్లు సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధారామం అది, రాతిలో తొలిచిన నీళ్ల తొట్లు ఉన్నాయి కాబట్టి ఆ పేరు. కొండ మీద వాననీళ్లు పట్టి దాచుకుని వందల ఏళ్లు బతికేశారు భిక్షువులు, మనం ఇక్కడ అపార్ట్‌మెంట్‌లో ట్యాంకర్ కోసం కొట్టుకుంటున్నాం. నీడ తక్కువ, తొమ్మిది లోపు ఎక్కి దిగిపోండి.

ఎర్రమట్టి దిబ్బలు చూసి మా ఆయన తెల్ల షూస్ పోయాయి, అది వేరే కథ. సముద్రం వెనక్కి ముందుకి జరిగినప్పుడు గాలి మోసుకొచ్చిన ఇసుక వేల ఏళ్లు పేరుకుని, అందులో ఇనుము తుప్పుపట్టి ఆ రంగొచ్చిందట. జాతీయ భౌగోళిక స్మారకం అని 2014లో గుర్తింపు కూడా ఉంది, అయినా జనం చిప్స్ కవర్లు పడేసి పోతున్నారు.

భీమిలి ఊరు నాకు ఇంత నచ్చుద్దనుకోలేదు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, అదే బొర్రా గుహల్లోంచి వచ్చే గోస్తని, తాటిపూడి రిజర్వాయర్ కట్టింది కూడా దీని మీదే. వైజాగ్ ఇంకా చిన్న ఊరుగా ఉన్నప్పుడే ఇక్కడ డచ్చివాళ్ల వ్యాపారం. బీచ్ దగ్గర వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, కోసుగా పైకి లేచిన గోపురాల్లా. పాతకాలం వాళ్లు డచ్చివాళ్లని వలందులు అనేవారు, బందరులో వలందపాలెం పేరు అలా వచ్చిందే. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది, 1861కే మునిసిపాలిటీ అయ్యింది, దేశంలోనే పాతవాటిలో ఒకటి. 1933లో వైజాగ్ హార్బర్ తెరిచాక ఓడలన్నీ అటే పోయాయి, ఇక్కడ లైట్‌హౌస్, గంటస్తంభం, పాత పెంకుటిళ్లు మిగిలాయి. ఇప్పుడు వైజాగ్ కార్పొరేషన్ జీవీఎంసీలో కలిసిపోయింది. ఇదంతా చెప్తుంటే మామయ్య కళ్లు మెరుస్తున్నాయి, అత్తయ్య మాత్రం వేళ్ల మీద మెడికల్ షాపులు లెక్కపెడుతున్నారు.

మేం దిగిన చోటు పేరు చెప్పను, సీ వ్యూ అని డబ్బులు గట్టిగానే తీసుకున్నారు, కిటికీ గ్రిల్ పట్టుకుంటే తుప్పు చేతికొచ్చింది, ఏసీ రాత్రంతా మూలుగుతూనే ఉంది, గీజర్ నీళ్లు ఉప్పగా ఉన్నాయి. కోపమొచ్చింది గానీ ఆలోచిస్తే సముద్రం ముందు కాపురం అంటే ఇదే కదా. ఇనుప తలుపులు, ఏసీ బయటి యూనిట్, బండి సైలెన్సర్, ఏదీ ఎక్కువ రోజులు నిలవదు. అందుకే నా లెక్కలో ఇల్లు సముద్రానికి ఎదురుగా వద్దు, రెండు మూడు వీధులు లోపలికి ఉండాలి. 2014 హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

పొద్దున్న పడవలు వచ్చే టైముకి వెళ్తే చేపలు ఒడ్డునే కొనొచ్చు, నెత్తళ్లు, కానాగంతలు, అదృష్టముంటే వంజరం. బేరం మా అత్తయ్య ఆడితే చూడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం, ఆ రెండు నెలలు రేట్లు మండిపోతాయి. పిల్లల్ని మాత్రం నది కలిసే చోట నీళ్లలో దింపకండి, లోతు తెలీదు.

కూరలు సరుకులు ఊళ్లో దొరుకుతాయి, పెద్ద షాపింగ్ అంటే తగరపువలస. బస్సు కావాలంటే వైజాగ్ రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్ మీదుగా వచ్చే 900కే ఉంది, రాత్రి పొద్దుపోతే మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. అసలు సమస్య ఆసుపత్రి. చిన్న జ్వరాలకి ఫర్వాలేదు, మామయ్య గుండెకి అయితే హనుమంతవాకలో విమ్స్‌కో ఆరిలోవ హెల్త్ సిటీకో పరిగెత్తాలి, ఇరవై కిలోమీటర్ల పైమాటే. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఇక్కడ ప్రతి బ్రోకరూ సెంటు రేటు ఆకాశంలో చెప్తున్నాడు, అందుకే కొనడం ప్రస్తుతానికి మర్చిపోయాం.

లోపలి వీధిలో ఒక పెంకుటిల్లు అద్దెకుందంటే చూశాం. వెనక బావి, కొబ్బరి చెట్లు, మామయ్య అప్పుడే కుర్చీ ఎక్కడ వేసుకోవాలో చూసేసుకుంటున్నారు. అత్తయ్య గదుల్లోకి వెళ్లనే లేదు, పక్కింటావిణ్ణి పిలిచి "ఏమ్మా, ఈ నీళ్లలో కందిపప్పు ఉడుకుద్దా?" అని అడిగారు. ఆవిడ నవ్వేసి, "కుళాయి నీళ్లకైతే ఉడుకుద్ది పిన్నిగారూ, బావి నీళ్లకి కాస్త మొండికేస్తాది" అంది. మా అత్తయ్య నమ్మలేదు, రెండు సీసాల్లో రెండు రకాల నీళ్లూ పట్టించుకుని కార్లో పెట్టించారు.

ఇంటికొచ్చి నిన్న రాత్రి వండారు. కుళాయి నీళ్లకి నాలుగు విజిల్స్, బావి నీళ్లకి తొమ్మిదొచ్చినా పప్పు గింజ గింజగానే ఉంది. మామయ్య కిక్కురుమనకుండా ఆ గింజల పప్పే కలుపుకుని తిని, చేయి కడుక్కుంటూ "కుళాయి ఎన్నింటికి వస్తుందో కనుక్కోవాలి" అన్నారు. అత్తయ్య వద్దనలేదు.