కోరంగి మడ అడవి పర్యటన: పాటు (సముద్రపు నీరు దిగే) వేళ చూసుకొని వెళ్ళవలసినది

కాకినాడ నుంచి యానాం వెళ్ళే దారిలో ఉన్న కోరంగి అభయారణ్యానికి ఒక స్థానిక ప్రకృతి బృందం ప్రతి నెలా రెండో ఆదివారం, ముందుగా పేరు నమోదు చేసుకున్న ఎవరినైనా వెంటబెట్టుకొని వెళుతుంది. ఈ ఒకపూట పర్యటనకు నేను డిసెంబరులో ఒకసారి, ఐదు వారాల తరువాత జనవరిలో మరొకసారి వెళ్ళాను. రెండుసార్లూ అదే గైడు, అదే చెక్క వంతెన, అదే ఉదయం పది గంటల సమయం. అయినా మొదటి పర్యటనకు ఐదింట రెండు మార్కులకు మించి ఇవ్వలేను. రెండోదానికి నాలుగున్నర ఇస్తాను. తేడా అంతా నీటిలోనే ఉంది.

డిసెంబరులో మేము చేరేసరికి పోటు నిండుగా ఉంది. వంతెనకు రెండు వైపులా బురదరంగు నీరు, దాని మీద పచ్చని కొమ్మలు తప్ప మరేమీ కనిపించలేదు. గైడు శ్వాసవేళ్ళ గురించి చక్కగానే చెప్పాడు గాని, ఆ వేళ్ళు నీటి అడుగున ఉన్నాయి. పీతల బొరియల గురించి చెప్పాడు, అవీ నీటి అడుగునే. వచ్చిన 40 మందిలో సగం మంది ఫోటోలు తీసుకోవడంలో పడిపోయారు. వారిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు, ఎందుకంటే చూడవలసినదేదీ కంటి ముందు లేదు.

జనవరిలో పాటు ముగిసి, నీరు అప్పుడే తిరిగి ఎక్కుతోంది. వంతెన కింద నేలంతా తేలి, మడచెట్ల చుట్టూ పెన్సిళ్ళు నాటినట్లు వేల కొద్దీ శ్వాసవేళ్ళు నిలబడి ఉన్నాయి. గాలి చొరని ఆ బురదలో వేరు ఊపిరి తీసుకోవాలంటే పైకి రాక తప్పదన్న సంగతి, చూసిన తరువాత వివరించనక్కరలేదు. ఒక డెక్క ఒంటికన్నా పెద్దదిగా ఉన్న చిన్న పీతలు బొరియల ముందు నిలబడి ఆ డెక్కను ఊపుతున్నాయి. రెక్కలతో బురద మీద గెంతే చేపలను చూసి, మాతో వచ్చిన ఒక చిన్నారి అవి కప్పలని పట్టుబట్టింది. గైడు మడ ఆకు ఒకటి కోసి అందరి చేతికీ ఇచ్చి, నాలుకతో తాకి చూడమన్నాడు. చెట్టు ఆకు ద్వారా బయటికి తోసివేసే ఉప్పు నాలుకకు స్పష్టంగా తగిలింది. ఉప్పుపొన్న చెట్టు మీదనే మొలకెత్తి, ఈటెలా వేలాడుతూ, రాలినప్పుడు బురదలో గుచ్చుకొనే మొలకలను కూడా చూపించాడు. ఎవరో తిల్ల కొమ్మ మీద చెయ్యి వేయబోతే మాత్రం, "ఆ పాలు కంట్లో పడితే చూపు పోద్దండి, తుంచకండి" అని గట్టిగానే వారించాడు. అతడు పీతలు పట్టే కుటుంబంలో పుట్టినవాడు. ఆ మాట అన్న తీరులోనే అది తెలిసిపోయింది.

నిర్వాహకులతో నా పేచీ ఇక్కడే ఉంది. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అందువల్ల ఈ ఆదివారం పది గంటలకు పోటు నిండుగా ఉంటే, వచ్చే ఆదివారం అదే సమయానికి దాదాపు పూర్తి పాటు ఉంటుంది. ఇది ఒడ్డున ఉన్న ప్రతి చేపల వేటగాడికీ తెలిసిన లెక్క. తిథి చెబితే నీరు ఎప్పుడు దిగుతుందో అతడు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పగలడు. అయినా పర్యటన వేళను బస్సు అనుకూలాన్ని బట్టి పది గంటలకు ఖాయం చేశారు. నాకు జనవరిలో మంచి దృశ్యం దక్కినది యాదృచ్ఛికమే. పాటు చివర వంతెన మీద నడక మొదలుపెట్టి, నీరు ఎక్కిన తరువాత బోటులో పాయల్లోకి వెళితే రెండూ కలిసివస్తాయి. నీరు బాగా దిగి ఉన్నప్పుడు సన్నని పాయల్లోకి బోటు ఎలాగూ పోలేదు. తేదీతోపాటు పాటు వేళను కూడా ప్రకటించడానికి వారికి అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు.

గైడు విషయంలో నాకున్నది ఒకే అసంతృప్తి. అతడు చెట్టును, పీతను, చేపను బాగా చెబుతాడు గాని, నదిని చెప్పడు. త్ర్యంబకం దగ్గర పుట్టి, 1,465 కిలోమీటర్లు ప్రవహించి, ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలిన గోదావరి తెచ్చిన ఒండ్రు మీదనే ఈ అడవి నిలిచి ఉంది. ఎగువన ఆనకట్టలు పెరిగేకొద్దీ ఆ ఒండ్రు తగ్గిపోతున్నది. ఈ రెండు వాక్యాలు బోటులో కూర్చున్నప్పుడు చెప్పినా, మన కాళ్ళ కింది బురద ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చినవారికి బోధపడేది. ఊరి చరిత్ర కూడా అంతే. 1839 నవంబరు ఉప్పెన ఇక్కడి ఓడరేవును తుడిచిపెట్టింది. ఒకప్పుడు ఈ రేవు నుంచి రంగూనుకు ఎందరు వెళ్ళారంటే, బర్మాలో తెలుగువారిని కోరంగీలనే పిలిచేవారు. మా తాతగారి తరం ఇళ్ళల్లో రంగూను టేకు బీరువాలను చూసి పెరిగిన నావంటివారికి, ఆ ప్రస్తావన లేని కోరంగి పర్యటన కొంత వెలితిగానే తోస్తుంది.

నీటిపిల్లిని చూడవచ్చునన్న ఆశతో మాత్రం ఎవరూ వెళ్ళవద్దు. అది ఎక్కువగా రాత్రిళ్ళు తిరిగే జంతువు, పగటి పర్యటనలో దాని పాదముద్ర కనిపించినా గొప్పే. నీటికుక్కలు నాకు రెండుసార్లూ కనిపించలేదు. లకుముకి పిట్టలు, కొంగలు మాత్రం పుష్కలంగా ఉన్నాయి. చలికాలంలో ఉత్తర ఆసియా నుంచి వలస వచ్చే ఉల్లంకి పిట్టలను చూడాలంటే అడవిలో కాక, పాటు వేళ తేలే బురదమేటల వైపు దుర్భిణితో చూడాలి. బృందం దగ్గర ఉన్నది ఒకే దుర్భిణి, అది 40 మంది చేతులు మారేలోపు పిట్టలు లేచిపోతాయి. ఈ సంఖ్యను 20కి తగ్గిస్తే రుసుము కొంత పెంచినా నేను సంతోషంగా ఇస్తాను. వెళ్ళేవారు పూర్తి చేతుల చొక్కా వేసుకోవడం, దోమల మందు, తాగునీరు తెచ్చుకోవడం మంచిది. నమోదు చేసుకొనే ముందు ఆ రోజు పాటు ఎన్ని గంటలకో నిర్వాహకులను ఫోనులో అడగండి. వారు చెప్పలేకపోతే కాకినాడ రేవులో ఎవరినైనా అడగండి.