కొత్త కాలనీ భారం: సగటు వ్యయమా, ఉపాంత వ్యయమా?

పొలాన్ని ఇళ్ల స్థలాలుగా మార్చేందుకు అనుమతి ఇచ్చే ముందు, స్థానిక సంస్థ ఖజానాపై పడే భారాన్ని రెండు రకాలుగా అంచనా వేయవచ్చు.

సగటు వ్యయ పద్ధతి సులువు. ప్రస్తుత ఖర్చును జనాభాతో భాగించి, వచ్చిన తలసరి మొత్తాన్ని కొత్త నివాసుల సంఖ్యతో హెచ్చిస్తారు. బడ్జెట్, జనాభా లెక్కలు చేతిలో ఉంటే చాలు.

ఉపాంత వ్యయం అంటే కొత్తవారు చేరడం వల్ల అదనంగా పెరిగే ఖర్చు. దాన్ని లెక్కించే పద్ధతి ప్రతి శాఖ తలుపూ తడుతుంది. బడిలో ఖాళీ గదులున్నాయా? నీటి శుద్ధి కేంద్రంలో ఎంత సామర్థ్యం మిగిలింది? 10,000 మందికి సరిపోయేలా కట్టిన కేంద్రం 8,000 మందికే నీరిస్తుంటే, మరో 1,000 మంది చేరినా అదనపు ఖర్చు స్వల్పమే. ఇప్పటికే 9,900 మందికి ఇస్తుంటే మాత్రం కేంద్రాన్ని విస్తరించక తప్పదు. తలసరి ఖర్చు సమానమైతే, సగటు లెక్కకు ఈ రెండు ఊళ్లూ ఒక్కటే! నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

ఊరి మధ్య కొద్దిపాటి ఇళ్లు వస్తుంటే సగటు చాలు. దూరంగా పెద్ద కాలనీ వెలుస్తుంటే, ఆలస్యమైనా సరే, ఉపాంత లెక్కే వేయించాలి. రోడ్లు, పైపులు బిల్డరే వేసి అప్పగించినా, దశాబ్దాల తర్వాత వాటిని మార్చే ఖర్చు పన్ను కట్టేవారిదే. ఏ పద్ధతిలోనైనా ఆ పద్దును విడిగా రాయాలి.