ఫ్లాష్ ప్లేయర్ 32.0.0.371: నెట్ లేని మా ల్యాబ్‌లో మళ్ళీ కొట్టుకున్న గుండె

మాది సీతంపేట ఏజెన్సీలో ఒక ఆశ్రమ పాఠశాల. నేను బయాలజీ చెబుతాను. ల్యాబ్‌లో పది డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. అన్నీ విండోస్ 7వే, ఒక్కోదానికి 2 జీబీ ర్యామ్. నెట్ లేదు. ఫోన్‌కి సిగ్నల్ కావాలన్నా నీళ్ళ ట్యాంకు దాకా నడవాలి. అలాంటి చోట పాత ఫ్లాష్ ప్లేయర్ (సీడీల్లోని కదిలే బొమ్మల పాఠాలను ఆడించే అడోబీ కంపెనీ సాఫ్ట్‌వేర్) పెట్టుకోవడానికి నేను పడ్డ తిప్పలు, చివరికి ఏది పనిచేసింది, ఏది ఎంత మంచిదో రాస్తున్నాను. పాత సీడీ పాఠాలు బీరువాలో పెట్టుకుని కూర్చున్న టీచర్లు ఇంకా చాలామంది ఉన్నారని నాకు తెలుసు.

ముందు ఆ సీడీల సంగతి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం బడికి ఇచ్చినవి, ఎనిమిది నుంచి పది దాకా సైన్సు పాఠాలు, తెలుగులో. వాటిలో గుండె పాఠం ఒకటి ఉంది. తెర మధ్యలో గుండె, నాలుగు గదులు. ‘కుడి కర్ణిక’ అన్న మీట నొక్కితే నీలం రంగు చుక్కలు పైనుంచి జారి వస్తాయి. కర్ణిక ముడుచుకుంటుంది, కవాటం రెక్కలుగా కిందికి తెరుచుకుంటుంది, చుక్కలు జఠరికలో పడతాయి, వెంటనే రెక్కలు మూసుకుంటాయి. ఊపిరితిత్తుల దాకా వెళ్ళి ఎర్రగా మారి ఎడమ వైపు వస్తాయి. కావలసిన చోట ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు. మా పిల్లల్లో ఎక్కువమంది సవరలు. ఇంట్లో సవర భాష, బడిలో తెలుగు. ‘కవాటం’ అన్న మాట చెప్పడానికి నేను ఇంకో నాలుగు తెలుగు మాటలు చెప్పాలి, అవి కూడా వాళ్ళకు కొత్తవే. ఆ రెక్కలు తెరుచుకుని మూసుకోవడం ఒక్కసారి చూస్తే చాలు, మాట దానంతట అదే అతుక్కుంటుంది. ఈ పాఠం వదులుకోవడం నా వల్ల కాలేదు.

పోయిన ఏడాది పెన్ డ్రైవ్ ద్వారా వైరస్ వచ్చి కంప్యూటర్లన్నీ ఫార్మాట్ చేయాల్సి వచ్చింది. ఫార్మాట్‌తో పాటు ఫ్లాష్ పోయింది. సీడీ పెడితే తెర మీద ఖాళీ డబ్బా.

పాలకొండలో ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళి ఫ్లాష్ ప్లేయర్ దించి ఇమ్మన్నాను. “ఒక్క ఎంబీయే మేడం, క్షణంలో అయిపోద్ది” అని పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. బడికి తెచ్చి నొక్కితే ఇంటర్నెట్ కనెక్షన్ లేదు అంటుంది. ఆ ఒక్క ఎంబీ ఫైలు అసలు ప్లేయర్ కాదు, నెట్‌లోంచి ప్లేయర్‌ని దించుకునే చిన్న సాధనం మాత్రమే. నెట్ లేని కంప్యూటర్‌కి కావలసింది ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్, సుమారు 20 ఎంబీ ఉంటుంది. మీరు తెచ్చిన ఫైలు రెండు ఎంబీల లోపు ఉంటే అది మీకు పనికిరాదు, బస్సెక్కకముందే చూసుకోండి.

రెండోసారి పెద్ద ఫైలే తెచ్చాను. పది కంప్యూటర్లలోనూ పెట్టాను. ఎక్కడా తప్పు చూపించలేదు. కానీ సీడీ తెరిస్తే పాఠం రావలసిన చోట బూడిద రంగు తెర, దాని మధ్య చిన్న గుర్తు. తొమ్మిదింటిలోనూ అంతే. ఇంతలో ఒక పిల్లవాడు అరిచాడు: “మేడం, నాలుగోది ఆడతంది!”

నాలుగో నంబరు కంప్యూటర్‌లో గుండె చక్కగా కొట్టుకుంటోంది. అదే ఫైలు, అదే సీడీ, అదే విండోస్. నాకు ఏమీ అర్థం కాలేదు. మా లెక్కల మాస్టారు వచ్చి, అటూ ఇటూ చూసి, తెర కింద మూల మీద వేలు పెట్టారు. “టీచరుగారూ, దీని తేదీ చూడండి.” 2010 జనవరి అని ఉంది. ఆ కంప్యూటర్ మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు తీసి పెట్టినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. మిగతా వాటిలో సరైన తేదీ ఉంది. మాస్టారు మూడో నంబరు కంప్యూటర్‌లో కూడా తేదీ వెనక్కి పెట్టి చూశారు. ఆడింది.

అసలు సంగతి ఏమిటంటే, ఫ్లాష్‌ని ఆపేస్తామని అడోబీ 2017 జులైలోనే చెప్పింది. 2020 డిసెంబర్ 31తో దాని పని ముగించి, 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ బొమ్మలేవీ ఆడకుండా ప్లేయర్ లోపలే ఒక అడ్డు పెట్టింది. ఆ అడ్డుకు నెట్‌తో పని లేదు, కంప్యూటర్ గడియారం చూసుకుంటుంది, అంతే. అందుకే నెట్ మొహం చూడని కంప్యూటర్లలో కూడా ఆగిపోతుంది. ఈ అడ్డు 2020 జూన్ నుంచి వచ్చిన వెర్షన్లన్నిటిలోనూ ఉంది. చివరి వెర్షన్ 32.0.0.465లోనూ ఉంది. అడ్డు లేని ఆఖరి వెర్షన్ 2020 మేలో వచ్చిన 32.0.0.371. చివరి వెర్షనే అన్నిటికంటే మంచిదని మనం అనుకుంటాం కదా, ఇక్కడ అది చెల్లదు. మీరు అడగాల్సింది ఈ అంకెలే: మూడు వందల డెబ్భై ఒకటి.

తేదీ వెనక్కి పెట్టుకుంటే సరిపోతుంది కదా అంటారేమో. నేను ఒప్పుకోను. అవే కంప్యూటర్లలో పిల్లల మార్కులు ఎక్కిస్తాం, ఫైళ్ళకు తప్పు తేదీలు పడితే ఏది ముందో ఏది వెనకో తేలదు.

మూడోసారి 371 తెచ్చుకున్నాను. అడోబీ తన సైటులో ఇప్పుడు ఫ్లాష్ ఇవ్వడం లేదు, ఉన్నది కూడా తీసేయమనే చెబుతోంది. కాబట్టి పాత కాపీలు దాచిన చోట వెతకాలి. అక్కడే జాగ్రత్త పడాలి. ఫ్లాష్ పేరుతో వైరస్‌లు పంచడం ఏళ్ళ తరబడి జరిగిన మోసం. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే డిజిటల్ సిగ్నేచర్స్ అన్న ట్యాబ్ ఉండాలి, అందులో అడోబీ పేరు ఉండాలి, వివరాలు తెరిస్తే సంతకం సరిగానే ఉందని చూపించాలి. నెట్ సెంటర్‌లో మొదట దించిన ఒక ఫైలుకు ఆ ట్యాబే లేదు. అక్కడికక్కడే చెరిపించాను. ఒకసారి వైరస్‌తో ల్యాబంతా పోగొట్టుకున్నాక ఈ అర నిమిషం చూసుకోవడం నాకు బరువు అనిపించలేదు.

ఇన్‌స్టాలర్లు మూడు రకాలు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి యాక్టివ్ఎక్స్, ఫైర్‌ఫాక్స్‌కి ఎన్‌పీఏపీఐ, క్రోమ్ తరహా వాటికి పీపీఏపీఐ. మా సీడీలు ఎక్స్‌ప్లోరర్‌లో తెరుచుకునేలా చేసినవి, కాబట్టి మొదటిది పెట్టాను. రెండోది కూడా పెట్టి ఫైర్‌ఫాక్స్‌లో చూశాను, అందులో అక్షరాలు కాస్త నీటుగా కనిపించాయి. ఫైర్‌ఫాక్స్ వాడితే 84 గానీ అంతకంటే పాతది గానీ ఉండాలి, 85 నుంచి ఫ్లాష్‌ని పూర్తిగా తీసేశారు. దానికీ పూర్తి ఇన్‌స్టాలరే పట్టుకెళ్ళాలి. విండోస్ 10 ఉన్నవాళ్ళకి యాక్టివ్ఎక్స్ రకం పెట్టుకోనివ్వదు, ఎందుకంటే అందులో ఫ్లాష్‌ని మైక్రోసాఫ్టే కలిపి ఇచ్చింది, తర్వాత ఒక అప్‌డేట్‌తో తనే తీసేసింది. వాళ్ళకు పాత ఫైర్‌ఫాక్స్ దారే సులువు.

ఇన్‌స్టాల్ చేయడం ఒక్కో కంప్యూటర్‌కి రెండు నిమిషాలు. బ్రౌజర్లన్నీ మూసి మొదలుపెట్టాలి. మధ్యలో అప్‌డేట్లు ఎలా అని అడుగుతుంది, ఎప్పుడూ వెతకొద్దు అన్నది ఎంచుకోవాలి. రేపెవరైనా ఫోన్ తగిలించి నెట్ ఇచ్చినా ప్లేయర్ మారిపోకూడదు.

గుండె వచ్చింది. కానీ మీట నొక్కితే పక్కన రావలసిన తెలుగు వివరణ మాత్రం రాలేదు, ఖాళీ పెట్టె. దీనికి రెండు సాయంత్రాలు పట్టింది. కంప్యూటర్‌లోంచే తెరిచిన ఫ్లాష్ ఫైలు పక్కనున్న ఇంకో ఫైలుని చదవబోతే, ఆ ఫైలు తయారుచేసిన తీరుని బట్టి ప్లేయర్ ఒక్కోసారి ఒప్పుకోదు. అది భద్రత కోసం పెట్టిన కట్టుబాటు. ఫలానా ఫోల్డర్ నమ్మదగినదే అని మనం రాసి ఇవ్వాలి. సీడీ మొత్తాన్ని సీ డ్రైవ్‌లో ‘పాఠాలు’ అన్న ఫోల్డర్‌లోకి కాపీ చేశాను (ఫోల్డర్ పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టండి, గొడవ ఉండదు). తర్వాత విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, దానిలో మాక్రోమెడ్, దానిలో ఫ్లాష్, దానిలో ఫ్లాష్‌ప్లేయర్‌ట్రస్ట్ అనే ఫోల్డర్. లేకపోతే మనమే చేసుకోవాలి. 64 బిట్ విండోస్‌లో పెట్టిన 32 బిట్ బ్రౌజర్‌కైతే సిస్టమ్32 బదులు సిస్‌వావ్64లో చూడాలి. అందులో నోట్‌ప్యాడ్‌తో ఒక టెక్స్ట్ ఫైలు చేసి, పాఠాల ఫోల్డర్ చిరునామా ఒక్క వరుస రాసి, పేరు చివర డాట్ సీఎఫ్‌జీ అని పెట్టి దాచాలి. నోట్‌ప్యాడ్ దాని వెనక టీఎక్స్‌టీ తగిలిస్తుంది, అది తీసేయాలి. మొదటి సాయంత్రమంతా నాకు అక్కడే పోయింది. మాక్రోమెడ్ అన్న పేరు చూసి కంగారు పడకండి, వైరస్ కాదు. ఫ్లాష్ ఇదివరకు మాక్రోమీడియా అనే కంపెనీది, 2005లో అడోబీ ఆ కంపెనీని కొనుక్కుంది. ఫోల్డర్‌కి పాత పేరే నిలిచిపోయింది.

ఆ ఒక్క వరుస రాసి బ్రౌజర్ మళ్ళీ తెరిచాను. వివరణ వచ్చింది, తెలుగు అక్షరాలతో సహా. ఈ సీడీల్లో అక్షరాల ఆకారాలు ఫ్లాష్ ఫైల్లోనే కలిపేసి ఉన్నాయి. అందుకే కంప్యూటర్‌లో ఏ తెలుగు ఫాంటూ లేకపోయినా ఒత్తులు, దీర్ఘాలు చెదరలేదు.

ఇప్పుడు అన్నిటికంటే నాకు నచ్చినది చెబుతాను: ప్రొజెక్టర్. అడోబీదే, బ్రౌజర్ అవసరం లేని విడి ఫ్లాష్ ప్లేయర్. సుమారు 15 ఎంబీల ఒకే ఒక్క ఫైలు. ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, నొక్కితే తెరుచుకుంటుంది. సీడీలో ఎస్‌డబ్ల్యూఎఫ్ అని ముగిసే ఫైలుని పట్టుకుని దాని మీదికి లాగి వదిలితే ఆడుతుంది. తేదీ అడ్డు దీనికి లేదు, కాబట్టి చివరి వెర్షన్‌దైనా ఫరవాలేదు. ఫైల్ మెనూలో క్రియేట్ ప్రొజెక్టర్ అని ఉంటుంది. అది నొక్కితే పాఠమూ ప్లేయరూ కలిసి, నొక్కగానే నడిచే ఒకే ఈఎక్స్‌ఈ ఫైలు అవుతుంది. గుండె పాఠాన్ని అలా చేసి పది డెస్క్‌టాప్‌ల మీద పెట్టాను. ఇప్పుడు పిల్లలు నన్ను పిలవకుండానే తెరుచుకుంటున్నారు. లోటు ఒకటే. వెబ్ పేజీ మీద ఆధారపడి నడిచే పాఠాలు, అంటే విషయసూచిక పేజీలోంచి ఒక్కోటి తెరుచుకునేవి, దీనితో మొత్తంగా రావు. వాటికి బ్రౌజరూ 371 ప్లగిన్నూ (బ్రౌజర్‌కి తగిలించే ఆ ప్లేయరే) కావలసిందే. మా దగ్గర మూడొంతుల పాఠాలకు ప్రొజెక్టర్ చాలింది.

రఫుల్ గురించి కూడా చాలామంది చెబుతారు. ఫ్లాష్ లేకుండానే ఫ్లాష్ ఫైళ్ళు ఆడించే ఉచిత సాఫ్ట్‌వేర్ అది, రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కొత్తగా రాసినది. పాత సైట్లూ ఫైళ్ళూ దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో పాత ఫ్లాష్ బొమ్మలు ఆడేది దీనితోనే. ఇంట్లో నా ల్యాప్‌టాప్‌లో చూశాను, గుండె పాఠం ఎక్కడా ఆగకుండా ఆడింది. యాక్షన్‌స్క్రిప్ట్ (ఫ్లాష్ పాఠాలు రాసే భాష) పాత వెర్షన్లు 1, 2లతో చేసిన పాఠాలకు ఇది బాగా కుదురుతుంది, 3తో చేసినవి మాత్రం ఒక్కొక్కటీ ఆడించి చూసుకోవాలి. మీది కొత్త కంప్యూటరై, దానికి నెట్ ఉంటే వేరే ఆలోచన వద్దు, రఫుల్ పెట్టుకోండి. అసలు ఫ్లాష్ మాత్రం వద్దు. దాంట్లో బయటపడిన కంతలు ఇన్నీ అన్నీ కావు, ఇక పూడ్చేవాళ్ళు కూడా లేరు. మా కంప్యూటర్లకు నెట్ లేదు కాబట్టే ధైర్యం చేశాను. ఆ ధైర్యం కూడా పెన్ డ్రైవ్‌ల దగ్గర ఆగిపోతుంది. ఇప్పుడు ల్యాబ్‌లోకి ఒకే పెన్ డ్రైవ్ వస్తుంది, అది నా బీరువాలో ఉంటుంది.

మార్కులు వేయమంటే ప్రొజెక్టర్‌కి 5కి 5. 371 ప్లగిన్‌కి 4, ఆ నమ్మకం ఫోల్డర్ సంగతి ఇన్‌స్టాలర్ తనంతట తాను ఎక్కడా చెప్పదు కాబట్టి ఒకటి తగ్గించాను. రఫుల్‌కి మా ల్యాబ్ తరఫున మార్కులు వేయను, అక్కడ పెట్టి చూడలేదు.

మొన్న పదో తరగతికి గుండె పాఠం పెట్టినప్పుడు వెనక బల్ల అమ్మాయి ఒకతె ఎడమ మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చుంది. ఏంటమ్మా అంటే, “అది నాకంటే మెల్లగా కొట్టుకుంటంది మేడం” అంది. ఆ రోజు తర్వాతి పీరియడ్ కూడా లెక్కల మాస్టారు నాకే ఇచ్చేశారు. నలభై మందీ వాళ్ళ వాళ్ళ నాడి లెక్కపెట్టారు.

నాలుగో నంబరుకి కొత్త బిళ్ళ బ్యాటరీ వేయించాం. ఒక్క పని మిగిలింది. తొమ్మిదో తరగతి సీడీ మీద గీతలు పడి కణవిభజన పాఠం కాపీ కావడం లేదు, సగంలో ఆగిపోతోంది. తెర మీద ఊదా రంగు క్రోమోజోములు జంటలుగా విడిపోయే బొమ్మ అది, ‘సమవిభజన’ అన్న శీర్షికతో మొదలవుతుంది. ఆ సీడీ బాగున్న కాపీ ఎవరి బడిలోనైనా ఉంటే ఒక్క మాట చెప్పండి, పెన్ డ్రైవ్ పట్టుకుని నేనే వస్తాను.