49 ఏళ్ళ రాజు, 42 ఏళ్ళ రాధ: మళ్ళీ చూసిన 'కేరాఫ్ కంచరపాలెం'

మా పుట్టిల్లు విశాఖపట్నంలో మర్రిపాలెం. పక్కనే కంచరపాలెం. అందుకే 2018 సెప్టెంబరులో ఈ సినిమా విడుదలైనప్పుడు, మొదటి వారంలోనే మా ఆయన్ని బయల్దేరదీసి కూకట్‌పల్లిలో చూశాను. మా ఊరి సందులు, మా వాళ్ళ 'ఏటి', 'ఎలగ', 'గుంటడు' తెర మీద వినబడతాయన్న సంబరం తప్ప ఇంకేమీ ఆశించలేదు. మొన్న దసరాకి ఇంట్లో మళ్ళీ చూశాం. ఈసారి పక్కన మా అన్నయ్య ఉన్నాడు.

రాజు గవర్నమెంటు ఆఫీసులో అటెండరు. 49 ఏళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. పేటంతా దాని గురించే మాటలు. అదే ఆఫీసుకి ఒడిశా నుంచి రాధ ఆఫీసరుగా వస్తుంది. ఆవిడకి 42 ఏళ్ళు, భర్త లేడు, 20 ఏళ్ళ కూతురుంది. వీళ్ళిద్దరి కథతో పాటు ఇంకో మూడు ప్రేమకథలు నడుస్తాయి: బడి పిల్లలు సుందరం, సునీత; కుర్రాడు జోసెఫ్, బ్రాహ్మలమ్మాయి భార్గవి; బ్రాందీ షాపులో పనిచేసే గడ్డం అనే అతను, అక్కడికొచ్చే సలీమా. ఈ నాలుగూ చివర ఎలా కలుస్తాయో చెప్పను. చూడనివాళ్ళకి ఆ క్షణం దక్కాలి.

మన సినిమాల్లో యాభై దగ్గరపడ్డవాళ్ళు ప్రేమిస్తే అది కామెడీ ట్రాకే. జుట్టుకి రంగేయించి, కళ్ళజోడు పెట్టించి, వెనకాల ఒక వాయిద్యం మోగిస్తారు. దర్శకుడు వెంకటేశ్ మహా ఆ పని చెయ్యలేదు. పేటలో వాళ్ళు రాజుని ఏడిపిస్తారు కానీ, సినిమా ఏడిపించదు. రాజుగా వేసిన సుబ్బారావు నడకలో, చేతులు పెట్టుకునే తీరులో ఎన్నో ఏళ్ళు ఆఫీసులో ఫైళ్ళు మోసిన మనిషి కనబడతాడు. రాధగా వేసిన రాధా బెస్సీ మాటలో ఒడియా యాస అలాగే ఉంచేశారు. ఆవిడ ఆఫీసరు, ఆయన అటెండరు అన్న తేడాని ఒక్క రోజులో చెరిపెయ్యలేదు. అది మెల్లగా, మాటల్లో మాటగా పల్చబడుతుంది. నటీనటుల్లో చాలామంది ఆ చుట్టుపక్కల మనుషులే, కెమెరా ముందుకి అంతకుముందెప్పుడూ రానివాళ్ళే. మా పిన్ని ఇంటి అరుగు మీద కూర్చున్నట్టే అనిపించింది.

గడ్డం, సలీమాల కథ దగ్గర ఒక మాట చెప్పాలి. బురఖాలో వచ్చి క్వార్టర్ సీసా తీసుకెళ్ళే ఆవిడ కళ్ళు తప్ప అతనికేమీ కనబడవు. ఆ కళ్ళ కోసమే రోజూ కౌంటర్ దగ్గర కాచుక్కూర్చుంటాడు. డబ్బిచ్చే చెయ్యి, సీసా అందుకునే చెయ్యి, మధ్యలో ఆ చూపు. సలీమాగా వేసిన ప్రవీణా పరుచూరే ఈ సినిమా నిర్మాత, అమెరికాలో గుండె డాక్టరు. తెలిశాక ఆవిడ మీద గౌరవం ఇంకా పెరిగింది.

వెలితి లేదని కాదు. రాజు ఎలా బతికాడో తెలిసినంతగా రాధ ఎలా బతికిందో తెలియదు. భర్త పోయాక కూతుర్ని పెంచుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ గడిపిన అన్నేళ్ళు ఆవిడకీ ఉన్నాయి కదా! వాటికి ఇంకో పది నిమిషాలు ఇచ్చి ఉంటే బాగుండేది. జోసెఫ్, భార్గవిల కథ కూడా కొంచెం గబగబా ముగిసిపోయింది.

ఇక నన్ను నిలవనీయనిది రాధ అన్న. కూతురికి లేని అభ్యంతరం ఆయనకుంటుంది. ఈ వయసులో పెళ్ళేమిటని అడ్డం పడతాడు. థియేటర్లో ఆ సీను వచ్చినప్పుడు నేను తల దించుకున్నాను.

మా వదిన 2009లో పోయింది. అన్నయ్యకి అప్పుడు 47. రెండేళ్ళకి, తనతో పనిచేసే ఒకావిడ గురించి ముందుగా నాకే చెప్పాడు. వంటింట్లో నిలబడి, సింకు పక్కన గట్టు మీద కంచం పెట్టుకుని తింటూ చెప్పాడు. వదిన పోయాక తను టేబుల్ దగ్గర కూర్చుని తినడం మానేశాడని నాకప్పుడు తట్టనే లేదు. "పెళ్ళీడుకొచ్చిన కూతుర్ని పెట్టుకుని ఏంటన్నయ్యా ఇది, నలుగురూ ఏమనుకుంటారు" అన్నాను. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు. కొన్నాళ్ళకి ఆవిడకి ట్రాన్స్‌ఫర్ అయింది.

అందుకే ఈ దసరాకి ఏ సినిమా పెట్టమంటావని అడిగి, తను ఏదైనా పర్లేదంటే, నేనే ఇది పెట్టాను. రెండున్నర గంటల సినిమా, మధ్యలో లేవలేదు. రాధ అన్న కేకలేస్తున్నప్పుడు మాత్రం రిమోట్ తీసుకుని సౌండ్ కొంచెం తగ్గించాడు. నా వైపు చూడలేదు. నేనే "అన్నయ్యా, ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది" అన్నాను. తల ఊపాడు.

పేర్లు పడడం అయిపోయాక, "ఆ 'ఆశా పాశం' పాట ఒకసారి మళ్ళీ పెట్టవే" అన్నాడు. పెట్టాను. స్వీకార్ అగస్తి కట్టిన ఆ బాణీ మొదలవగానే కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు.