లామినేషన్ చేయనన్న షాపు: మా మైకా గని కాగితాలు ఇక్కడే బాగుపడ్డాయి

పాత కాగితాలు బాగుచేసి, స్కాన్ తీసి ఇచ్చే ఈ షాపుకి అయిదుకి నాలుగున్నర ఇస్తున్నాను. అర ఎందుకు తగ్గించానో తర్వాత చెబుతాను.

మాది గూడూరు. మా తాతగారికి సైదాపురం వైపు మైకా (అభ్రకం) గని ఉండేది. లీజుకి తీసుకున్న ఒకే ఒక గని, ఊళ్లో ఒక మైకా షెడ్డు, అంతే. నెల్లూరు ఆకుపచ్చ మైకాకి విదేశాల్లో మంచి గిరాకీ ఉన్న కాలం అది. అప్పటి లీజు దస్తావేజులు, మస్టర్లు (కూలీల హాజరు పుస్తకాలు), ఏజెంట్ల ఉత్తరాలు, గని ప్లాన్లు అన్నీ మిద్దె మీద ట్రంకు పెట్టెల్లో ఉండిపోయాయి. ఒక మూల చెదలు తినేశాయి. మిగిలినవి మడత విప్పితే ముక్కలయ్యేలా ఉన్నాయి.

ఇంతకుముందు అడిగిన చోటల్లా లామినేట్ చేయించుకోమన్నారు. ఈ షాపాయన మాత్రం నేను ఎంత డబ్బిచ్చినా ఆ పని చేయనన్నారు. "వేడికి ప్లాస్టిక్కు కాగితానికి కరుచుకుపోతుందమ్మా. రేపు అది పసుపెక్కితే ఊడదీయడం ఎవరి వల్లా కాదు" అన్నారు. ఆయన వాడేది పల్చటి జపాన్ కాగితం, గోధుమ గంజితో చేసిన జిగురు. కొంచెం తడి చేస్తే ఎప్పుడైనా మళ్లీ విప్పుకోవచ్చు. చిరిగిన చోట ఆ అతుకు వేసి, బరువు పెట్టి ఆరబెడతారు. అక్షరం మీద అతికినా కింద రాత చదవడానికి వస్తుంది.

నన్ను మెప్పించింది గని ప్లాన్ల విషయం. కొన్ని ట్రేసింగ్ గుడ్డ మీద గీసినవి, కొన్ని నీలి ప్రింట్లు. ట్రేసింగ్ గుడ్డకి గంజి పట్టించి ఉంటుంది కాబట్టి నీళ్లు తగిలితే చెడిపోతుంది. నీలి ప్రింట్లకి ఎక్కువ వెలుతురు పనికిరాదు, క్షారం తగిలినా రంగు వెలిసిపోతుంది. పాత కాగితాలకి ఆమ్లం విరగడానికి సాధారణంగా క్షారం కలిపిన ఫోల్డర్లే వాడతారట, అందుకని ఈ ప్రింట్లని విడిగా క్షారం కలపని ఫోల్డర్లలో పెట్టి ఇచ్చారు. ఇది తెలిసి చేసేవాళ్లు మన వైపు ఉన్నారని నేను అనుకోలేదు. పాడుబడి నీళ్లు నిండిన గని గుంటలు సైదాపురం చుట్టుపక్కల ఇంకా ఉన్నాయి. సొరంగం ఏ వైపు ఎంత దూరం పోయిందో చెప్పగలిగేది ఈ ప్లాన్లే. మాకు ఆ భూమి మీద ఏ హక్కూ లేకపోయినా వాటిని కాపాడాలని పట్టుబట్టింది అందుకే.

రెండో ప్రపంచ యుద్ధకాలం ఉత్తరాలు ఒక పెద్ద కట్ట. రేడియో వాల్వులకీ, విమానాల స్పార్క్ ప్లగ్గులకీ మైకా కావలసి వచ్చి, 1942లో బ్రిటన్, అమెరికా కలిసి జాయింట్ మైకా మిషన్ అని పెట్టి మన దేశంలో మైకా కొన్నాయి. ఆ ఏళ్ల కాగితం నాసిరకం, ముట్టుకుంటే రాలిపోయేది. మధ్యమధ్యలో నమూనాకి పెట్టిన మైకా రేకులు కూడా ఉన్నాయి. షాపాయన వాటిని పారేయకుండా ఏ ఉత్తరంలోది ఆ ఉత్తరంతోనే చిన్న కవరులో ఉంచారు. కట్టలు కూడా మా తాతగారు ఎలా కట్టి పెట్టారో అదే వరసలో తిరిగి వచ్చాయి, మూలన పెన్సిలుతో నంబరు తప్ప.

అన్నిటికంటే నాకు ముఖ్యమైనవి మస్టర్లు. లీజు దస్తావేజులో మా తాతగారి పేరొక్కటే ఉంటుంది. ఈ మస్టర్లలో గనిలోకి దిగినవాళ్ల పేర్లు, షెడ్డులో కూర్చుని మైకా చీల్చి కత్తెరతో అంచులు సరిచేసిన ఆడవాళ్ల పేర్లు, ఎదురుగా వాళ్ల వేలిముద్రలు ఉన్నాయి. బీహారు వైపు కొడవలితో చేసే పనిని మన వైపు కత్తెరతో చేసేవాళ్లు. కూలి మొదట అణాల్లో, 1957 ఏప్రిల్ తర్వాత నయాపైసల్లో. 1946 చట్టంతో వచ్చిన మైకా కార్మికుల సంక్షేమ నిధి ఆసుపత్రి కలిచేడులో ఉండేది. అక్కడికి పంపిన చీటీలు కూడా కొన్ని ఈ పుస్తకాల్లోనే దొరికాయి. ఊదా రంగు స్టాంపు సిరా తడికి పాకుతుందని ఆ పేజీలకి గంజి వాడలేదు. వేలిముద్రల పేజీలన్నీ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో), రంగుల్లోనే స్కాన్ తీశారు. నలుపు తెలుపులో తీస్తే ఖర్చు తగ్గుతుంది కదా అంటే, గీతలు పోతాయమ్మా అని ఒప్పుకోలేదు. ఆయన మాటే సరైనది. సైదాపురంలో ఒకాయన ఫోనులో వాళ్ల అవ్వ పేరు, పక్కన ముద్ర చూసుకుని, ఆ పేజీ ప్రింటు తీసి ఇవ్వమని అడిగి తీసుకున్నారు. అలాంటి కుటుంబాలు ఎన్ని ఉంటే అన్నిటికీ ఇస్తాను.

ఇక అర ఎందుకు తగ్గిందంటే, పెళ్లి ఆల్బంల సీజనులో మన పని పక్కకి పోతుంది, ఫోన్ చేసి అడిగితే తప్ప ఎక్కడి దాకా వచ్చిందో చెప్పరు. ఫైళ్లకి పేర్లు ఉండవు, ఉత్త నంబర్లే. గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్లు షాపులో లేరు కాబట్టి విషయసూచిక నేనే రాసుకోవాల్సి వచ్చింది. ఇలాంటి షాపులో పాత రాత వచ్చిన పెద్దవాళ్లని ఒకరిని పెట్టుకోవడం చాలా అవసరం.

ఖర్చు తక్కువేమీ కాదు. స్కానింగుకి పేజీ లెక్క, అతుకులకి కాగితం పరిస్థితిని బట్టి, పెద్ద ప్లాన్లకి మళ్లీ వేరు. ముందే రాయించుకోండి, రాసిన దాని మీద నా దగ్గర ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు. టిఫ్ ఫైళ్లు (నాణ్యత తగ్గకుండా దాచే పెద్ద ఫైళ్లు) కూడా అడిగి తీసుకోండి, అడక్కపోతే జేపెగ్‌లే ఇస్తారు. మీ దగ్గర చుట్టలు చుట్టిన ప్లాన్లు ఉంటే ఇంట్లో విప్పకుండా అలాగే పట్టుకెళ్లండి. సెల్లోటేపు అంటించినవి ఏవైనా ఉంటే మొదటే చూపించండి, వాటిని ఊడదీయడానికి రేటు వేరు.