రేడియో యూనిట్ టవర్ పైనా, కిందా?

మొబైల్ టవర్ బేస్ స్టేషన్‌లో, సిగ్నల్‌ను పంపి అందుకునే రేడియో యూనిట్‌ను కింద గదిలో ఉంచి కోయాక్సియల్ కేబుల్‌తో (రేడియో సిగ్నల్‌ను మోసే లోహపు కేబుల్) యాంటెన్నాకు కలపవచ్చు, లేదా పైన యాంటెన్నా పక్కనే బిగించి ఫైబర్‌తో కలపవచ్చు.

సిగ్నల్: కేబుల్‌లో 3 డెసిబెళ్ల నష్టముంటే సగం శక్తి దారిలోనే పోతుంది. రేడియో పైనుంటే చిన్న జంపర్ (రేడియోను యాంటెన్నాకు కలిపే పొట్టి కేబుల్) నష్టమే మిగులుతుంది.

శ్రమ: కిందనున్న యూనిట్‌ను నేలమీద నిలబడే మార్చవచ్చు. పైనున్నదానికి శిక్షణ పొందిన మనిషి, భద్రతా బెల్టు, అనుకూల వాతావరణం కావాలి.

లోపాలు: వాన పడ్డాక వీఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా వైపు పంపిన సిగ్నల్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపే కొలత) పెరిగి, ఎండ కాశాక తగ్గుతుంటే కోయాక్సియల్ కనెక్టర్‌లోకి నీరు చేరిందేమోనని ముందు అనుమానించాలి, ఆ పరీక్ష చేయకుండా రేడియోనే మార్చేయడం శుద్ధ దండగ. పైనున్న యూనిట్ ట్రాఫిక్ పెరిగినప్పుడే రీస్టార్ట్ అవుతుంటే, మైనస్ 48 వోల్టుల విద్యుత్తు పొడవైన తీగలో ఎంత తగ్గుతోందో లోడ్ ఉన్నప్పుడే కొలవాలి. ఫైబర్ లింక్ తెగుతుంటే ఫైబర్‌ను యూనిట్‌కు కలిపే మాడ్యూల్‌ను మార్చేముందు కనెక్టర్ కొనను శుభ్రపరచి చూడాలి.

టవర్ ఎత్తుగా ఉండి, ఎక్కే సిబ్బంది అందుబాటులో ఉంటే రేడియోను పైన పెట్టడమే మేలు. కేబుల్ పొట్టిగా ఉన్న మేడమీది సైట్లకూ, పైకెక్కడం తరచూ కుదరని చోట్లకూ కింది అమరికే నయం.